నమ్మకానికీ విశ్వాసానికీ నడుమ ఒక కుండ

నమ్మకం, విశ్వాసం ఈ రెండు మాటలకూ అర్థం ఒకటేనని బడిలో పిల్లలకు నేనే చెప్పాను. ఒకసారి కాదు, మూడు నాలుగేళ్లు చెప్పాను. పలక మీద రెండూ పక్కపక్కన రాసి, నడుమ రెండు అడ్డగీతలు గీసి, "ఇదంటే అదే, అదంటే ఇదే" అని వల్లె వేయించాను. తప్పు చెప్పావమ్మా అని ఆ పిల్లల్లో ఒక్కరు కూడా ఇంతవరకు నన్ను అడగలేదు. వాళ్లు అడగకపోయినా నేను చెప్పాలి. ఆ తేడా నాకు ఎట్లా తెలిసిందో, దానికి ఏం ఇచ్చుకున్నానో ఎవరికీ పూర్తిగా చెప్పకుండానే ఇంత ముసలిదాన్నయ్యాను.

నేను కడప వైపు మిషను బోర్డింగులో అయిదో తరగతి దాకా చదివి, కోయిలకుంట్లకు ఆరేడు మైళ్ల దూరంలో ఉన్న ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. దొరల కాలం అది. మా వాడలో పద్దెనిమిది ఇళ్లు. అందరం క్రైస్తవులమే, ఒకే గుడికి పోయేవాళ్లం. గుడి అంటే గోపురమూ గంటా ఏమీ లేవు. మట్టిగోడలు, బోదకప్పు, కట్టెతలుపు. తలుపుకు తాళం కూడా లేదు, తాడుతో కట్టేవాళ్లం. ఆదివారం పక్క ఊరి నుంచి ఉపదేశి నడిచివచ్చి ప్రార్థన చేయించేవాడు. మిగతా రోజుల్లో అదే గదిలో నేను పిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. వాడలో చదువుకున్న ఆడది నేనొక్కదాన్నే కాబట్టి పెద్దవాళ్లు కూడా నన్ను టీచరమ్మ అనేవాళ్లు. ఆ పిలుపు నా తలకు కొంచెం ఎక్కిందనే చెప్పాలి.

మా ఆడవాళ్లకు ఒక ఆచారం ఉంది. వంటకు గింజలు తీసుకున్నాక, ఎసట్లో పోయకముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టాలి. అది దేవుడి పిడికెడు. దాని కోసం ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న ముంత ఉండేది. ఆదివారం ఆ ముంతను కొంగు చాటున తెచ్చి గుడి మూలనున్న పెద్ద కుండలో పోస్తారు. జొన్నలు పండించినవాళ్లు జొన్నలు, కొర్రలు పండించినవాళ్లు కొర్రలు. మూడు నాలుగు నెలలకొకసారి ఉపదేశి కుండ ఖాళీ చేయించేవాడు. కొంత ఆయన ఇంటి తిండికి, కొంత గుడి కప్పు బాగుచేయడానికి.

ఆ కుండకు కావలి నేను. ఎవరు పోశారు, ఎవరు పోయలేదు అని నా కళ్లు చూస్తూనే ఉండేవి. ఒకసారి ఎదురింటామె ముంత అడుగున నాలుగు గింజలే కనిపిస్తే, "ఇది దేవుని పిడికిలా, పిచ్చుక పిడికిలా?" అని నలుగురిలో అనేశాను. ఆమె తల వంచుకుంది. నాకన్నా రెండేళ్లు చిన్నది, నన్ను నోరారా అక్కా అని పిలిచే మనిషి. అప్పుడు నాకు అది తప్పనిపించలేదు. దేవుడి పని చేస్తున్నాననుకున్నాను.

రెండు మాటలకూ తేడా ఉందని నాకు మొదట చెప్పింది ఉపదేశి. పలక మీద నేను రాసింది చూసి నవ్వాడు. "నమ్మకం మనిషి మీద పెట్టుకునేదమ్మా, విశ్వాసం దేవుని మీద పెట్టుకునేది. మనిషి మాట తప్పుతాడు, దేవుడు తప్పడు. అంతే తేడా," అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. నమ్మకం కింది మెట్టు, విశ్వాసం పై మెట్టు అని అర్థం చేసుకున్నాను. నేను ఏ మెట్టు మీద ఉన్నానో నాకు అనుమానమే లేదు.

మా అత్తకు ఈ మెట్లు ఎక్కడం చేతకాదు. ఆమె వెనకటి కరువులో, పెళ్లీడు పిల్లగా ఉన్నప్పుడు, గంజి పోసిన దొరసానిని చూసి ఈ మతంలో కలిసిన మనిషి. "నేను గంజికి వస్తిని, నీ మాదిరి పుస్తకానికి రాలేదు" అని దాపరికం లేకుండా చెప్పేది. కళ్లు సగం కనిపించేవి కావు గానీ నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. ఉపదేశి చెప్పింది నేను ఆమెకు చెబితే దంచుతున్న రోకలి ఆపింది.

"నమ్మకమంటే ఏందో నాకు తెల్సు. ఎండాకాలం బాయిలో నీళ్లు అడుక్కు పోతాయి సూడు. అప్పుడు నడుముకు తాడు కట్టుకొని దిగి చెంబుతో తోడాల. పైన తాడు పట్టుకున్నోళ్లు ఇడిసిపెట్టరని దిగుతాం. అది నమ్మకం. మరి నీ ఇస్వాసమేంది? తాడు లేకుండా దూకేదా?"

"తాడుంటాదత్తా. కనపడదు, అంతే."

"కనపడని తాడు నా నడుముకు కట్టొద్దు తల్లీ. నా కండ్లకు కనపడేటివే తక్కువ," అంది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. మళ్లీ అట్లా నవ్వడానికి మాకు చాలా కాలం పట్టింది.

ఆ ఏడు తొలకరిలో ఒక వాన పడింది. అది చూసి విత్తనం వేశాం. మొలక ఎండిపోయింది. ఇంట్లో మిగిలిన గింజల్లోంచి తీసి మళ్లీ వేశాం. అదీ పోయింది. మా మూడెకరాల నల్లరేగడి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చింది. కుందు ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేదు. నా పెనిమిటి నాపరాళ్ల గనిలో కూలికి పోతానని బయలుదేరాడు. "పదైదు దినాలకొకతూరి జొన్నలు పంపిస్తా. పాపను బాగా చూసుకో," అన్నాడు. మొదటి నెలలో ఒక మూట వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు. గనిలో పని ఉందో లేదో, అసలు మనిషి ఉన్నాడో లేడో చెప్పేవాళ్లు కూడా రాలేదు. ఇంట్లో మిగిలింది అత్త, నేను, మా మూడేళ్ల పాప.

వాడలో అందరి గతీ అంతే. కానీ అందరికీ ఏదో ఒక ఆసరా ఉంది. ఒకరికి రెండు మేకలు, ఒకరికి నాలుగు కోళ్లు, ఒకరికి అడవిలో కట్టెలు కొట్టి తెచ్చే మగవాడు. మాకు ఉన్నదల్లా టీచరమ్మ అనే పేరు. ఆ పేరు పెట్టుకుని ఒకరి గడపలో నిలబడి చెయ్యి చాపడం నా వల్ల కాలేదు. పొద్దున్నే పొయ్యి రాజేసి ఉత్త నీళ్లు మరగబెట్టేదాన్ని. కప్పు మీద పొగ కనపడకపోతే వాడకు తెలిసిపోతుంది కదా.

ఒక మధ్యాహ్నం ఎదురింటామె గిన్నెలో సంగటి ముద్ద పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"పాపకక్కా. మా పిల్లోడు రొంత మిగిలిచ్చినాడు," అంది.

ఆ ఏడు ఏ ఇంట్లోనూ ఏ పిల్లవాడూ ఏమీ మిగల్చలేదని ఇద్దరికీ తెలుసు. వాడి వయసు ఆరేళ్లు, గిన్నె కూడా నాకేసేవాడు. పిచ్చుక పిడికిలి అని నేను వెక్కిరించిన చెయ్యి ఆ గిన్నె పట్టుకుని ఉంది. నాకు ప్రాణం చచ్చినంత పనైంది.

"మాకుండాది చెల్లీ. నువ్వు తీసకపోయి నీ పిల్లోనికే పెట్టు," అన్నాను.

నా వెనక చీర కుచ్చెళ్లు పట్టుకుని పాప ఆ గిన్నె వంకే చూస్తోంది. ఆమె పాపనూ, పొయ్యి మీద మరుగుతున్న ఉత్త నీళ్లనూ చూసింది. గిన్నె కొంగు కింద పెట్టుకుని వెళ్లిపోయింది. పొద్దుగూకే వేళకు అత్త ఉండబట్టలేక, "బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారు. నీ పరువు బతికుంటే ఏం తింటావే?" అని అడిగింది.

చివరికి ఇంట్లో కొర్రలు మూడు పిడికిళ్లకు వచ్చాయి. చేటలో పోసుకుని చూశాను. పలచగా కాస్తే నాలుగు పూటల గంజి. వాటిలోంచి ఒక పిడికెడు తీసి ముంతలో వేశాను. గింజలు పడిన చప్పుడు అత్త చెవిన పడింది.

"ఏందమ్మే అది?"

"దేవుని పిడికెడు."

"మూడిట్లో ఒగటా? ఆయనకు ఆకలైతాండాదని నీకు చెప్పినాడా?"

"ఉన్నప్పుడు ఎవరన్నా పోస్తారత్తా. లేనప్పుడు పోసేదే విశ్వాసం," అన్నాను.

ఆ జవాబు నా నోటి నుంచి వచ్చినందుకు నాకు ముచ్చటేసింది కూడా. ఉపదేశి వింటే మెచ్చుకునేవాడు అనుకున్నాను. అత్త చేటను తన వైపు లాక్కుని మిగిలిన గింజలను అరచేత్తో తడిమి తడిమి చూసుకుంది. చేట మూలల్లో ఇరుక్కున్నవాటిని గోటితో తీసింది.

అవి అయిపోయాక చింతగింజలు వేయించి, నానబెట్టి, దంచి అంబలి కాశాం. దొరికిన ఆకల్లా ఉడకబెట్టాం. పెద్దవాళ్లం ఎట్లాగో మింగాం. పాపకు పడలేదు. భేదులు పట్టుకున్నాయి. మూడు రోజుల్లో కళ్లు లోతుకు పోయాయి. పొట్ట మీది చర్మం పట్టి లాగితే లాగినట్టే నిలబడిపోయేది. మొదట్లో ఏడ్చేది, తర్వాత ఏడవడానికి కూడా చేతకాలేదు. ఊళ్లో నాటుమందులిచ్చే ముసలామె వచ్చి చూసింది. వాము కాచిన నీళ్లు తాపి, నన్ను బయటికి పిలిచింది.

"మందుతో పన్లేదమ్మా. కడుపులోకి మెత్తంగా కొర్రగంజి పడాల. దినానికి నాలుగు తూర్లు, రొంత ఉప్పేసి. అట్ల పడితే బతుకుతాది. పడకుంటే నేనేం చెప్పలేను," అంది.

కొర్రలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. మా గడప దాటి పది ఇళ్ల అవతల, గుడి మూలలో, నాకు అప్పగించిన కుండలో ఉన్నాయి.

"పోయి రొంత తీసకరా," అంది అత్త. "వానలు పడినాక రెండింతలు పోద్దువు."

"అది మనది కాదత్తా."

"మనది గాకుంటే ఎవరిది? ఈ వాడోళ్లదే గదా."

"ఇచ్చినాక దేవునిది. ఆయనది ముట్టుకొని, మళ్ల ఆయన్నే నా బిడ్డను బతికించమని ఏ మొగం పెట్టుకొని అడగాల?"

నన్ను నేను వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు, ఆ రోజు నిజంగానే అట్లా అనుకున్నాను. ఇది నాకు పెట్టిన పరీక్ష అనీ, నేను నిలబడితే పాప బతుకుతుందనీ, కుండలో చెయ్యి పెడితే పోతుందనీ నా మనసులో నాటుకుపోయింది. ఉపదేశి ఉంటే ఒక మాట అడిగేదాన్నేమో. కాళ్లు వాచి ఆయన రెండు ఆదివారాలుగా రాలేదు. ఆరు మైళ్లు నడిచిపోయి అడగవచ్చు, పోలేదు. విశ్వాసంతో పాటు ఇంకొకటి కూడా నన్ను పట్టుకుని ఉంది. ఎవరి ముంతలో ఎన్ని గింజలున్నాయో నలుగురిలో ఎత్తిచూపిన నోరు నాది. ఆ నేనే కుండలో చెయ్యి పెట్టానంటే ఏమనుకుంటారు? ఆ భయానికి కూడా నేను విశ్వాసమనే పేరు పెట్టుకున్నాను.

ఇంతలో ఒక వింత జరిగింది. రోజూ సాయంత్రం గుడి ఊడ్చాక కుండ మీది నాపరాయి పలక జరిపి, ఎలుకలేమైనా పడ్డాయేమోనని లోపల చెయ్యి పెట్టి చూడడం నాకు అలవాటు. కరువు ముదిరినప్పటి నుంచి కుండ అడుగు నా వేళ్లకు తగులుతూనే ఉండేది, గింజలు మణికట్టు దాకా కూడా రాలేదు. పాపకు జబ్బు చేసిన నాలుగో రోజు చెయ్యి పెడితే మణికట్టు మునిగింది. మరునాడు ఇంకొంచెం పైకి వచ్చింది. ఆరో రోజుకు మోచేతికి నాలుగు వేళ్ల కింద దాకా వచ్చింది. నడుమ ఆదివారం లేదు. ఎవరూ పోస్తుండగా నేను చూడలేదు.

కుండ పక్కనే మోకాళ్ల మీద పడి ఏడ్చాను. అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా లేదు. ఇంటికి పరుగెత్తి అత్త చేతులు పట్టుకున్నాను.

"అత్తా, కుండ నిండుతాండాది! ఊరంతా ఎండిపోతాంటే అదొక్కటి నిండుతాండాది. దేవుడు ఇంటాండాడత్తా."

"దేవుడు నింపుతాండాడో మనుసులు నింపుతాండారో నాకు తెల్దు," అంది అత్త. "కుండ నిండేది ఎందుకే? తీసుకునేటందుకు గాదా?"

"అది గుర్తత్తా. నేను చెయ్యి పెట్టలేదు గాబట్టి నిండుతాండాది. పెడితే ఆగిపోతాది."

ఈమె గంజికి వచ్చిన మనిషి, ఈమెకు ఇవన్నీ ఏం తెలుస్తాయి అనుకున్నాను. పోసేవాళ్లు ఎవరు, ఎందుకు పోస్తున్నారు అని ఒక్క ఇంటికి పోయి అడిగినా సరిపోయేది. అడగాలని నాకు తోచనే లేదు. జవాబు నాకు ముందే తెలుసు కదా.

మరునాడు పొద్దెక్కాక పాపను ఒళ్లో వేసుకుని తడిగుడ్డతో పెదాలు తుడుస్తున్నాను. అత్త గోడ పట్టుకుని బయటికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. పాపను చాప మీద పడుకోబెట్టి గుమ్మంలోకి వచ్చి చూస్తే, గుడి వైపు నుంచి కర్ర తాటించుకుంటూ వస్తోంది. కొంగు కింద ఏదో ఎత్తుగా ఉంది. బావి దగ్గర నీళ్ల వంతు కోసం కూర్చున్న ఆడవాళ్లు ఆమెను చూశారు. చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చూడనట్టు అటు తిరిగారు. అసహ్యించుకుని తిరిగారనే అనుకున్నాను. నాకు తల తీసేసినట్టయింది.

ఆమె లోపలికి రాగానే కొంగు లాగాను. మా ఇంటి దేవుడి ముంత. దాని నిండా కొర్రలు, అక్కడక్కడ జొన్నలు.

"ఈయత్తా."

"ఇయ్యను."

"దొంగకూడు పెట్టి నా బిడ్డను సంపుతావా?"

"నీకు బిడ్డయితే నాకు మనమరాలు గాదా? దొంగతనం నాది. నరకానికి నేను పోతా, నువ్వు రావద్దులే. నేను గంజి కాస్తా. నువ్వు ఆ గోడ పక్కకు తిరిగి కూసో. నువ్వు సూడలేదు, నీకు తెల్దు. అంతే," అంది. ముంతను రెండు చేతులతో కడుపుకు అదుముకుంది.

ముసలి చేతులు. వేళ్లు ఒక్కొక్కటే విడదీశాను. ఆమె ఏడ్చింది. మామ పోయినప్పుడు కూడా కంటతడి పెట్టని మనిషి అది. ముంతను నా కొంగు కింద పెట్టుకుని, బావి పక్క నుంచే గుడికి పోయి, ఒక్క గింజ కింద పడకుండా కుండలో పోశాను. ఖాళీ ముంతను మళ్లీ కొంగు కింద పెట్టుకుని తిరిగి వచ్చాను. బావి దగ్గర ఎదురింటామె నన్ను చూసి కొంచెం నవ్వింది. నేను తల ఎత్తుకునే నడిచాను.

ఆ తర్వాత రెండో రోజు మిట్టమధ్యాహ్నం పాప పోయింది. దానికి ముందు రోజంతా ఒకే ఒక మాట అంది. "అమ్మా, బువ్వ." నేను "ఉండు తల్లీ, వస్తాది" అన్నాను. నిజంగా వస్తుందనే అన్నాను. అది నా మాట విని, వాకిలి వైపు తల తిప్పి చూసింది.

గట్టి నేల, గడ్డపార దిగలేదు. మగవాళ్లు వంతులవారీగా తవ్వి ఒక చిన్న గుంత తీశారు. ఉపదేశి లేడు. ప్రార్థన చదవడానికి వాడలో చదువు వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు కాబట్టి నేనే చదివాను. గొంతు వణకకుండా, అక్షరం తప్పకుండా, బోర్డింగులో నేర్పినట్టు చదివాను. అందరూ ఆమెన్ అన్నారు. అత్త అనలేదు.

మూడో నాడు ఆడవాళ్లు వచ్చి మా ఇంట్లో కూర్చున్నారు. పలకరింపుకు రావడం మా ఆనవాయితీ. ఎదురింటామె నా పక్కకు జరిగి నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"ఎంత గంజి పోసినా నిలవకపాయనా అక్కా?" అంది. "మేం పోసినవి సాలకపాయనా?"

"ఏం గంజి?" అన్నాను.

ఆమె నా వంక అర్థం కానట్టు చూసింది. "అదేక్కా, కుండలో పోసింది. నీ చేతికిస్తే నువ్వు తీసుకోవు. ఆపొద్దు సంగటి తెస్తే ఎనక్కి పంపిస్తివి. దేవుని కుండలో పోస్తే ఆయన చేతి మీదుగానన్నా తీసుకుంటావులే అని అందరం అనుకుంటిమి. ఇంటింటికీ దినామూ ఇంగో పిడికెడు తగ్గించుకొని పోస్తిమి. నీకు సిన్నతనమైతాదని నువ్వు లేనప్పుడు పోయి పోసి వస్తిమి. మళ్ల మీ అత్త ఒకతూరి, నువ్వు ఒకతూరి కొంగు కింద ముంత పెట్టుకొని వస్తిరి గదా. తీసుకుంటాండారు, ఇంగ పాప బతుకుతాది అని బాయికాడ అందరం సంతోసపడితిమి."

మూలన కూర్చున్న అత్త నోరు తెరవలేదు. నన్ను కాపాడడానికే తెరవలేదని నాకు తెలుసు. నేను ఊరికే తల ఊపితే చాలు, పాప భేదులతో పోయిందని అందరూ అనుకునేవాళ్లు. ఇంత గంజి తాపినా నిలవలేదు, రాత అనుకునేవాళ్లు. అట్లా తల ఊపడానికి నాకు ఎంత ఆశ పుట్టిందో దేవుడికే తెలుసు.

"నేను తియ్యలేదు," అన్నాను. "అత్త తెస్తే లాక్కొని మళ్ల కుండలోనే పోసినా. మీరు పోసింది పోసినట్టే ఉండాది."

ఎదురింటామె నా చెయ్యి వదిలేసింది.

"నా పిల్లోడు ఆకలికి గోడ మన్ను గీక్కొని తింటాండె," అంది. "ఇంగ రొంత పెట్టుమా అని నా కాళ్లు సుట్టుకుంటే, వాన్ని కొట్టి నీ పాపకని పోస్తినక్కా. కొట్టి పోస్తిని. మేం నిన్ను నమ్మింటిమే!"

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. లేచి కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఆమె వెనకే మిగతావాళ్లూ ఒక్కొక్కరే లేచి పోయారు.

ఆ మధ్యాహ్నం ఆ చాప మీద కూర్చుని నాకు తెలిసిందేమిటో చెబుతాను. కుండను నాకు అప్పగించారంటే, నేను అందులో చెయ్యి పెట్టనని వాళ్లు నన్ను నమ్మారనుకున్నాను. వాళ్లు నమ్మింది అది కాదు. అవసరం వస్తే చెయ్యి పెడతానని నమ్మారు. నేను దొంగను కానని కాదు, నేను తల్లినని నమ్మారు. పద్దెనిమిది ఇళ్లవాళ్లు పైన తాడు పట్టుకుని నిలబడి ఉంటే, నేను దాన్ని విప్పేసి పాపను ఎత్తుకుని దూకాను. నా విశ్వాసంలో నేనూ దేవుడూ ఇద్దరమే ఉన్నాం. అందులో అత్త లేదు, ఆ ఆడవాళ్లు లేరు, చివరికి పాప కూడా లేదు. దేవుడు తప్పు చేశాడని నేను ఇప్పటికీ అనను. ఆయన మనుషుల చేతుల మీదుగా దినామూ పంపుతూనే ఉన్నాడు. తీసుకోవడం నాకు చేతకాలేదు.

సాయంత్రానికి అత్త లేచింది. "ఏడ్సింది సాలు. లేయ్. బతికుండే పిల్లోళ్లు ఉండారు," అంది. ఇద్దరం కలిసి కుండను గుడి ముందుకు జరుపుకుంటూ తెచ్చి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేశాం. గంజి వాసనకు పిల్లలు గిన్నెలు పట్టుకుని వచ్చారు. పెద్దవాళ్లు రాలేదు, వాకిళ్లలో నిలబడి చూశారు. గరిటె నా చేతికిచ్చింది అత్త. ఎదురింటి పిల్లవాడికి పోసేటప్పుడు వాడి చెంప మీద ఇంకా చేతి అచ్చు ఉన్నట్టే నాకు అనిపించింది. అది ఉండే అవకాశం లేదు, రోజులు గడిచాయి. అయినా అనిపించింది. ఆ గింజలతో పన్నెండు రోజులు పిల్లలందరికీ ఒక పూట గంజి పోశాం.

ఆ నెలాఖరుకు నా పెనిమిటి వచ్చాడు. గనిలో రాయి పడి కాలు విరిగి మంచాన పడ్డాడట. కుంటుతూ వచ్చి, భుజం మీది చిన్న జొన్నల మూట దించి, పాప ఎక్కడ అన్నాడు. అంతా చెప్పాను, ముంత లాక్కుని తిరిగి పోసిన సంగతి కూడా. అతను ఆ మూటను కాలితో మూలకు నెట్టి, పొలంలోకి పోయి పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. పాప పేరు మళ్లీ నా ముందు ఎత్తలేదు. దాని పేరు ఎత్తకపోవడమే నాకు వేసిన శిక్ష అని చాలా ఏళ్లు అనుకున్నాను. ఆ పేరు పలకడం అతనికే చేతకాలేదని తర్వాత తెలిసింది.

వానలు ఆలస్యంగా పడ్డాయి. ఆ చలికాలానికి కొర్రలు ఇంటికొచ్చాయి. ఉపదేశి కర్ర పట్టుకుని మళ్లీ రావడం మొదలుపెట్టాడు. మొదటి ఆదివారం ప్రార్థన అయిపోయాక ఆడవాళ్లు ముంతలు తీశారు. కుండను కడిగి మూలలో పెట్టి నేను దూరంగా తలుపు దగ్గర నిలబడ్డాను. ఎవరూ పోయలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు.

"నాకొద్దు," అన్నాను. "ఇంగెవరినన్నా పెట్టుకోండి. నన్ను ఎట్ల నమ్ముతారు?"

నెలల తరబడి నాతో మాట్లాడని ఎదురింటామె ముంత పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి పట్టి కుండ దగ్గరికి తీసుకుపోయింది.

"నువ్వే ఉండాలక్కా," అంది. "ఇంగ ఈ వాడలో ఏ బిడ్డ ఆకలన్నా నువ్వు సూసి ఓర్సుకోలేవు. మాకెవ్వరికీ తెలిసినంత నీకు తెల్సిపాయ గదా."

అని కొర్రలు పోసింది. ఆ కుండ తర్వాత పదిహేనేళ్లు నా చేతిలోనే ఉంది. ఒక్కనాడు కూడా దాన్ని నిండనివ్వలేదు.